ఇసుకరేణువంత ఆకాశంలో ఎన్ని గెలాక్సీలు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

అంతరిక్ష టెలిస్కోపులు తీసిన గెలాక్సీల చిత్రాలను గురించి పాఠకులు రాసిన ఉత్తరాలు చాలా ఉన్నాయి. ఒకే రకం సందేహం పలువురికి వచ్చినచోట ఒక ఉత్తరాన్ని ఎంచుకొని, దానికి కాస్త వివరంగా జవాబు రాశాను.

ప్రశ్న: మా మనవడు ఫోనులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసిన మొదటి చిత్రాన్ని చూపించి, అందులో వేల గెలాక్సీలు ఉన్నాయనీ, ఆకాశంలో అవన్నీ కలిసి ఆక్రమించే చోటు చేయి చాపి పట్టుకున్న ఇసుకరేణువంతేననీ చెప్పాడు. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. ఈ పోలిక లెక్కకు నిలిచేదేనా, లేక వినడానికి బాగుంటుందని చెప్పే మాటా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: లెక్కకు నిలిచే మాటే. మాస్టారు గారూ, మీరే సరిచూసుకోవచ్చు. సన్నని ఇసుకరేణువు అడ్డుకొలత 0.4 మిల్లీమీటరు అనుకుందాం. దానిని వేలి కొసన పెట్టుకొని చేయి చాపితే కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటాం కదా, ఆ దూరంలో ఆ రేణువు మన కంటి దగ్గర చేసే కోణం సుమారు 2.3 నిమిషాలు. మీ మనవడు చూపించిన చిత్రం వెడల్పు ఆకాశంలో 2.4 నిమిషాలు. పూర్ణచంద్రుడి బింబం 30 నిమిషాల పైచిలుకు ఉంటుంది కనుక ఆ చిత్రాలను పదమూడింటిని వరుసగా పేర్చితే గాని చంద్రుడి అడ్డుకొలత నిండదు. బింబాన్ని పూర్తిగా కప్పాలంటే నూట ముప్ఫై దాకా కావాలి.

2022 జూలైలో విడుదలైన ఆ చిత్రం మధ్యలో తెల్లగా మెరుస్తున్నది స్మాక్స్ 0723 అనే గెలాక్సీల గుంపు. దాని వెలుగు మనను చేరడానికి 460 కోట్ల సంవత్సరాలు పట్టింది. ఆ గుంపు చుట్టూ వంగిన గీతల్లా, సాగదీసినట్లు కనిపించేవి ఇంకా ఎంతో వెనక ఉన్న గెలాక్సీలు. గుంపులోని అపారమైన ద్రవ్యరాశి తన పక్కగా వచ్చే వెలుగును వంచుతుంది కనుక ఆ గుంపు మొత్తం ఒక భూతద్దంలా పనిచేసి, మామూలుగా అందనంత మసక గెలాక్సీలను కూడా పెద్దవి చేసి చూపుతుంది. వెబ్ టెలిస్కోపు దీని మీద గడిపిన సమయం పన్నెండున్నర గంటలు మాత్రమే. ఆకాశంలో ఆ చోటు బాగా దక్షిణాన ఉంది. తెనాలి అక్షాంశం నుంచి చూస్తే అది క్షితిజాన్ని అంటుకొని ఉండిపోతుందే గాని పైకి రాదు.

అయితే ఈ చిత్రాన్ని చూసి అబ్బురపడినవారందరికీ దాని వెనక ఉన్న 1995 నాటి సంగతి కూడా తెలియాలని నా కోరిక. హబుల్ టెలిస్కోపు 1990 ఏప్రిల్ 24న నింగికి ఎగిరింది. దాని 2.4 మీటర్ల అద్దాన్ని అంచు దగ్గర సుమారు 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మేర అవసరానికి మించి అరగదీశారన్న విషయం ఆ తరవాతే బయటపడింది. మన తల వెంట్రుక మందంలో ముప్ఫై, నలభయ్యో వంతు మాత్రమే అయిన ఆ పొరపాటుకే చిత్రాలన్నీ అలుక్కుపోయాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, దోషాన్ని సరిదిద్దే చిన్న అద్దాలనూ కొత్త కెమెరానూ అమర్చి వచ్చాకే హబుల్‌కు అసలైన చూపు వచ్చింది.

ఆ చూపును దేనిమీద నిలపాలన్నదే తరవాతి ప్రశ్న. హబుల్ సమయం కోసం ప్రపంచం నలుమూలల శాస్త్రజ్ఞులు పోటీపడతారు, ఒక్కొక్క గంటకూ కారణం చూపించుకోవాలి. అందులో కొంత సమయాన్ని మాత్రం ఆ టెలిస్కోపును నడిపే సంస్థ డైరెక్టరు తన విచక్షణ మేరకు వాడుకోవచ్చు. అప్పటి డైరెక్టరు రాబర్ట్ విలియమ్స్ ఆ సమయాన్ని ఆకాశంలో ఏమీ లేనట్లు కనిపించే ఒక చోటును చూడడానికి ఇచ్చారు. హబుల్ ఎంతసేపు చూసినా కొత్తగా మసక గెలాక్సీలు పెద్దగా బయటపడవని అంతకు ముందే కొందరు పేరున్న శాస్త్రజ్ఞులు లెక్కగట్టి ప్రచురించి ఉన్నారు. మరమ్మతు జరిగి రెండేళ్లే అయింది, ఇంకొక వైఫల్యాన్ని లోకం క్షమించదు. ఇవన్నీ తెలిసే ఆయన ఆ నిర్ణయం తీసుకున్నారు.

సప్తర్షి మండలంలో, ప్రకాశవంతమైన నక్షత్రాలూ దగ్గరి గెలాక్సీలూ అడ్డురాని ఒక చిన్న చోటును ఎంచుకొని, 1995 డిసెంబరు 18 నుంచి పది రోజుల పాటు హబుల్ అదే పనిగా చూసింది. 342 ఎక్స్‌పోజర్లను ఒకదానిమీద ఒకటి కూర్చగా వచ్చిన చిత్రంలో దాదాపు 3000 గెలాక్సీలు కనిపించాయి. మన పాలపుంతకు చెందిన నక్షత్రాలు అందులో పట్టుమని ఇరవై కూడా లేవు. ఆ చోటు ఆకాశం మొత్తంలో రెండున్నర కోట్లలో ఒక వంతు ఉంటుంది. మాస్టారు గారూ, ఆ రెంటినీ గుణించి చూడండి. హబుల్ కంటికి అందనివి అప్పటికి ఇంకా మిగిలే ఉన్నాయి. 2003–04లో దక్షిణాకాశంలోని మరొక చోట పది లక్షల సెకన్ల పాటు చూస్తే సుమారు 10,000 గెలాక్సీలు తేలాయి.

నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ తరవాత జరిగినది. సాధారణంగా టెలిస్కోపు సమయం పొందినవారు తమ సమాచారాన్ని కొంతకాలం తమ దగ్గరే ఉంచుకొని పరిశోధించుకుంటారు. ఈ పది రోజుల సమాచారాన్ని మాత్రం ఎవరి హక్కూ లేకుండా వెంటనే ప్రపంచానికంతటికీ విడుదల చేశారు.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పరారుణ కిరణాలు కంటికి కనిపించవని చదివాను. కంటికి కనిపించని వెలుగులో తీసిన వెబ్ చిత్రాలకు అన్ని రంగులు ఎక్కడివి? కంప్యూటరులో వేసిన రంగులైతే వాటిని ఫొటోలు అనవచ్చా?
— ఒక ఫొటోగ్రాఫరు, వరంగల్

జవాబు: మీ వృత్తిలోని అనుభవంతోనే ఈ సందేహం తీరుతుంది. మీ డిజిటల్ కెమెరాలోని సెన్సరు కూడా రంగును చూడదు, తన మీద ఎంత వెలుగు పడిందో మాత్రమే లెక్కిస్తుంది. పిక్సెళ్ల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉండబట్టి, వాటి లెక్కలను కలిపి రంగును తేల్చుతాం. టెలిస్కోపు చేసేదీ అదే, కాకపోతే అన్ని ఫిల్టర్లూ ఒకేసారి ఉండవు. ఒక ఫిల్టరు పెట్టి నలుపు తెలుపు చిత్రం తీస్తుంది, తరవాత ఇంకొకటి పెట్టి మళ్లీ అదే చోటును తీస్తుంది.

వెబ్ తీసిన మొదటి చిత్రానికి 0.9 మైక్రాన్ల నుంచి 4.4 మైక్రాన్ల దాకా తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగును పట్టే ఆరు ఫిల్టర్లు వాడారు. మన కన్ను చూడగలిగింది 0.4 నుంచి 0.7 మైక్రాన్ల వరకే. కనుక అందరూ ఒప్పుకున్న ఒక వరుసను పాటిస్తారు. ఆ ఆరింటిలో తరంగదైర్ఘ్యం తక్కువ ఉన్నవాటికి నీలం, మధ్యవాటికి ఆకుపచ్చ, ఎక్కువ ఉన్నవాటికి ఎరుపు. మంద్రస్థాయిలో, మన చెవికి ఆననంత లోతుగా పాడిన ఒక రాగాన్ని మధ్యస్థాయికి ఎత్తి వినిపిస్తే శ్రుతి మారుతుంది గాని, స్వరాల మధ్య సంబంధం చెడదు, రాగం మారదు. ఈ చిత్రాల్లో రంగులు చేసేది సరిగ్గా ఆ పనే. ఎవరి ఊహ మేరకో పూసిన రంగులు కావు కనుక వాటిని నిస్సంకోచంగా ఫొటోలు అనవచ్చు. చిత్రం కింద 'పరారుణ కాంతిలో తీసినది' అన్న ఒక్క వాక్యాన్ని అచ్చువేయకపోవడం మాత్రం పత్రికల లోపమే, ఆ వాక్యం లేకనే మీలాంటివారికి అనుమానం వస్తుంది.

రంగులను చదవడం అలవాటైతే ఈ చిత్రాలను చూసే తీరే మారిపోతుంది. హబుల్ తీసిన గెలాక్సీ చిత్రంలో నీలంగా కనిపించే చేతుల్లో వేడి నక్షత్రాలు, అంటే పుట్టి ఎంతో కాలం కానివి, ఎక్కువగా ఉంటాయి. పసుపు, నారింజ రంగుల్లో ఉన్న నడిబొడ్డున వయసు మీరిన నక్షత్రాలుంటాయి. వెబ్ తీసిన లోతైన చిత్రంలో ఎర్రగా కనిపించే చిన్న చుక్కకు రెండు మూడు కారణాలు ఉండవచ్చు. అది దుమ్ము కమ్ముకున్న గెలాక్సీ కావచ్చు, ముసలి నక్షత్రాల గెలాక్సీ కావచ్చు, లేదా చాలా చాలా దూరాన ఉన్నది కావచ్చు. ఏది ఏదో రంగు ఒక్కటే చూసి చెప్పలేం. ఆ వెలుగును వర్ణపటంగా విడదీసి చూడాలి.

ప్రశ్న: ఆ చిత్రాల్లో కొన్ని చుక్కలకు మాత్రం పండుగనాటి కాగితపు నక్షత్రాల్లా కిరణాలు ఎందుకున్నాయి?
— ఎనిమిదో తరగతి విద్యార్థి, కడప

జవాబు: ఆ కిరణాలు టెలిస్కోపు వల్ల ఏర్పడినవి. వెలుగు ఏదైనా అంచును ఒరుసుకొని వచ్చినప్పుడు కొద్దిగా చెదురుతుంది. వెబ్ ప్రధాన అద్దం ఆరు కోణాలున్న 18 పలకలతో తయారైంది కనుక ఆ అంచుల వల్ల ఆరు పెద్ద కిరణాలు, ఎదుటి చిన్న అద్దాన్ని మోసే కమ్మీల వల్ల అడ్డంగా ఇంకో రెండు చిన్న కిరణాలు వస్తాయి. హబుల్ చిత్రాల్లో నాలుగే ఉంటాయి. నీకు ఇది ఒక మంచి గుర్తు: కిరణాలున్న చుక్క చాలావరకు మన పాలపుంతలోని నక్షత్రమే అయి ఉంటుంది, కిరణాలు లేని మసక మరకలు గెలాక్సీలు. ఆ గుర్తుతో మొదటి చిత్రంలో నక్షత్రాలను లెక్కపెట్టి చూడు.

ప్రశ్న: విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలని చదువుకున్నాను. కానీ జీఎన్-జెడ్11 అనే గెలాక్సీ మనకు 3200 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని ఒకచోట రాశారు. కాంతిని మించిన వేగం లేనప్పుడు అంత దూరం నుంచి వెలుగు ఇక్కడికి ఎలా వచ్చింది? ఆ గెలాక్సీ ఇప్పటికీ ఉందా?
— బీఎస్సీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఒకే గెలాక్సీకి మూడు సంఖ్యలు ఉన్నాయనీ, మీరు చదివినచోట వాటిలో ఒకటి మాత్రమే ఇచ్చారనీ తెలిస్తే ఈ చిక్కు విడిపోతుంది. జీఎన్-జెడ్11 నుంచి మనం చూస్తున్న వెలుగు బయలుదేరినప్పుడు ఆ గెలాక్సీ మన పాలపుంత ఉన్న చోటుకు 270 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ఆ వెలుగు 1340 కోట్ల సంవత్సరాలు ప్రయాణించి మనను చేరింది. ఈలోగా విశ్వం వ్యాకోచించడం వల్ల ఆ గెలాక్సీ ఇప్పుడు 3200 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి చేరింది. మూడూ నిజమే.

270 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి 1340 కోట్ల సంవత్సరాల ప్రయాణం ఎందుకు పట్టిందని మీరు వెంటనే అడుగుతారు. వరద గోదావరిలో ఎదురీదే గజ ఈతగాణ్ణి ఊహించుకోండి. అతని చేతులు ఎదుటి గట్టు వైపే ఈదుతున్నా, ప్రవాహం బలంగా ఉన్నంతసేపూ అతడు వెనక్కే పోతుంటాడు. ప్రవాహం తగ్గుముఖం పట్టాకే గట్టు దగ్గరవడం మొదలవుతుంది. తొలినాళ్లలో విశ్వం ఎంత వేగంగా సాగిందంటే, ఆ వెలుగు మన వైపే పరుగెత్తుతున్నా మొదట్లో మనకు అంతకంతకు దూరమవుతూ వచ్చింది. వ్యాకోచం కాస్త నెమ్మదించిన తరవాతే దాని ప్రయాణం ఫలించింది. కాంతి వేగాన్ని ఏదీ మించలేదన్న నియమం స్థలంలో కదిలే వస్తువులకు వర్తిస్తుంది, స్థలం తానే సాగడానికి ఆ హద్దు లేదు.

స్థలంతో పాటు వెలుగు తరంగం కూడా సాగింది. ఆ సాగుదలను చెప్పే సంఖ్యను రెడ్‌షిఫ్ట్ అంటారు, ఈ గెలాక్సీకి అది 10.6. దానికి ఒకటి కలిపితే తరంగం ఎన్ని రెట్లు సాగిందో తెలుస్తుంది: 11.6 రెట్లు. హైడ్రోజన్ పరమాణువు వెలువరించే 0.1216 మైక్రాన్ల అతినీలలోహిత కిరణం ఇక్కడికి వచ్చేసరికి 1.4 మైక్రాన్ల పరారుణ కిరణంగా మారుతుంది. తొలి గెలాక్సీలను చూడాలంటే పరారుణ కన్ను కావలసి రావడానికి కారణం ఇదే. వెచ్చగా ఉన్న ప్రతి వస్తువూ పరారుణ కిరణాలను వెదజల్లుతుంది కనుక ఆ కన్ను తాను కూడా చల్లగా ఉండాలి. అందుకే వెబ్‌ను 2021 డిసెంబరు 25న ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలిపారు. టెన్నిస్ కోర్టంత విస్తీర్ణం ఉన్న ఐదు పొరల తెర ఒకటి దానికి ఎండ తగలకుండా కాస్తుంది. ఆ తెర చాటున 6.5 మీటర్ల బంగారు పూత అద్దం సున్నాకు 220 డిగ్రీల సెల్సియస్ దిగువన చల్లబడి ఉంటుంది.

జీఎన్-జెడ్11 ఇప్పుడు రికార్డు కాదు. 2024లో వెలుగులోకి వచ్చిన జేడ్స్-జీఎస్-జెడ్14-0, 2025లో ప్రకటించిన మామ్-జెడ్14 అంతకంటే ముందువి. రెండూ మహావిస్ఫోటం జరిగిన 30 కోట్ల సంవత్సరాల లోపు నాటివి. ఆ కాలంలో గెలాక్సీలు చాలా చిన్నగా, చాలా మసకగా, అరుదుగా ఉంటాయని వెబ్‌కు ముందు అనుకున్నారు. ఉన్నవి అనుకున్నదానికంటే ప్రకాశవంతంగానూ, ఎక్కువగానూ ఉన్నాయి. అందుకు నక్షత్రాలు ఉవ్వెత్తున పుట్టడం కారణమా, దుమ్ము తక్కువగా ఉండడం కారణమా, మరేదైనా ఉందా అన్న చర్చ ఇంకా సాగుతోంది.

వీటిలో నన్ను కుదిపిన వార్త ఒకటి చెబుతాను. చిలీలోని ఎత్తైన ఎడారిలో ఉన్న ఆల్మా అనే రేడియో టెలిస్కోపుల సముదాయం 2025లో జేడ్స్-జీఎస్-జెడ్14-0 లో ఆక్సిజన్‌ను గుర్తించింది. మహావిస్ఫోటంలో హైడ్రోజన్, హీలియం, ఏ కొద్దిగానో లిథియం పుట్టాయే గాని ఆక్సిజన్ పుట్టలేదు. అది నక్షత్రాల గర్భంలోనే తయారవుతుంది. అంటే విశ్వానికి 30 కోట్ల సంవత్సరాలు నిండకముందే అక్కడ ఒక తరం నక్షత్రాలు పుట్టి, వెలిగి, పేలి, తమలో వండిన దానిని చుట్టూ చల్లి వెళ్లిపోయాయన్నమాట. వెబ్ చూపిన ఒక ఎర్రటి చుక్కలో ఇంత చరిత్ర ఉంది.

ఆ గెలాక్సీ ఇప్పుడు ఉందా అన్న మీ ప్రశ్నకు: ఆ రూపంలో ఉండదు. ఇన్ని వందల కోట్ల సంవత్సరాల్లో అది పక్కవాటితో కలిసి ఏదో ఒక పెద్ద గెలాక్సీలో భాగమై ఉండాలి. మనకు తెలిసిన తీరులోనే వ్యాకోచం కొనసాగితే, ఈ రోజు అక్కడి నుంచి బయలుదేరే వెలుగు మనను ఎన్నటికీ చేరదు. మనకు దక్కేది దాని బాల్యం మాత్రమే.

ప్రశ్న: షార్ నుంచి లేచే రాకెట్ల చప్పుడు వింటూ పెరిగాను. ఇక్కడి నుంచి వెళ్లిన వాటిలో గెలాక్సీలను చూసే టెలిస్కోపు ఏదైనా ఉందా?
— ఒక గృహిణి, సూళ్లూరుపేట

జవాబు: ఉంది, మీరు దాని చప్పుడు కూడా వినే ఉంటారు. 2015 సెప్టెంబరు 28 ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకుపోయిన ఆస్ట్రోశాట్ మన దేశపు మొదటి అంతరిక్ష ఖగోళ పరిశోధనశాల. అందులో ఎక్స్‌రే పరికరాలతో పాటు అతినీలలోహిత కిరణాలను చూసే జంట టెలిస్కోపు ఒకటి ఉంది. దాని అద్దాలు ఒక్కొక్కటి 38 సెంటీమీటర్లకు మించవు, అంటే ఇంట్లో అన్నం తినే పళ్లెం కంటే కాస్త పెద్దవి.

హబుల్ ఎన్నోసార్లు చూసి జల్లెడ పట్టిన ఒక చోటునే 2016 అక్టోబరులో ఈ చిన్న టెలిస్కోపు 28 గంటలకు పైగా చూసింది. అక్కడ 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక గెలాక్సీ నుంచి తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు వస్తున్నట్లు తేలింది. అవి నిజంగా ఆ గెలాక్సీవేనని రూఢి చేసుకోవడానికి చాలా కాలం పట్టింది. పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కనక్ సాహా నాయకత్వంలోని బృందం 2020 ఆగస్టులో దానిని ప్రచురించింది. ఇలాంటి కిరణాలను గెలాక్సీలోని హైడ్రోజన్ మింగేస్తుంది కనుక అవి బయటపడడమే అరుదు. విశ్వం తొలినాళ్లలో గెలాక్సీల మధ్య ఆవరించి ఉన్న హైడ్రోజన్ పొగమంచు ఎలా విచ్చుకుందన్న ప్రశ్నకు ఇలాంటి గెలాక్సీలే ఆధారం. హబుల్ అంత పెద్ద అద్దానికి అందనిది దీనికి ఎలా అందిందంటే, ఈ టెలిస్కోపు డిటెక్టరులో సొంత రొద, అంటే వెలుగు పడకపోయినా తనంతట తాను పుట్టించే తప్పుడు సంకేతం, చాలా తక్కువ. పెద్ద అద్దం ఒక్కటే సర్వస్వం కాదని శ్రీహరికోట నుంచి వెళ్లిన పరికరం చూపించడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఇంకొక మంచి వార్త కూడా ఉంది. పుణెలోని ఎన్‌సీఆర్ఏ అనే రేడియో ఖగోళ పరిశోధన కేంద్రానికి చెందిన పరిశోధకులు రాశి జైన్, యోగేశ్ వాడదేకర్ వెబ్ సమాచారాన్ని పరిశీలించి, విశ్వం వయసు 150 కోట్ల సంవత్సరాలే ఉన్నప్పటి ఒక సర్పిల గెలాక్సీని గుర్తించినట్లు 2025 నవంబరులో వెల్లడైంది. రెండు తీరైన చేతులతో, మన పాలపుంతను తలపించేలా ఉన్న ఆ గెలాక్సీకి వారు అలకనంద అని పేరు పెట్టారు. మందాకిని అంటే ఆకాశగంగ, మన పాలపుంత. హిమాలయాల్లో మందాకిని వెళ్లి కలిసేది అలకనందలోనే. అంత కుదురైన రూపం రావడానికి ఇంకా ఎంతో కాలం పడుతుందని శాస్త్రజ్ఞులు అనుకుంటూ వచ్చారు కనుక ఇది పేరులోనే కాదు, విషయంలోనూ గొప్ప ఆవిష్కరణ.

ప్రశ్న: మా కొండ ఊళ్లో వీధి దీపాలు తక్కువ, చుక్కలు బాగా కనిపిస్తాయి. ఏ టెలిస్కోపూ లేకుండా కంటితో చూడగల గెలాక్సీ ఏదైనా ఉంటే ఎక్కడ వెతకాలో చెప్పండి.
— గ్రామ సచివాలయ ఉద్యోగిని, అరకు ప్రాంతం

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న మీది. మీరు చూడవలసినది దేవయాని గెలాక్సీ. మనకు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మామూలు కంటికి తేలికగా అందే వాటిలో ఇంత దూరాన ఉన్నది ఇంకొకటి లేదు.

వానలు వెనక్కి తగ్గి ఆకాశం తేటపడిన కార్తిక మాసంలో, బహుళ సప్తమి నుంచి మార్గశిర శుద్ధ తదియ లోపు, చంద్రుడు లేని రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఆరుబయట నిలబడి తల పైకెత్తండి. దాదాపు నడినెత్తిన, కాస్త పడమరకు ఒరిగి, నాలుగు నక్షత్రాల పెద్ద చతురస్రం ఉంటుంది. పంచాంగంలో వినే పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రాలు ఆ నాలుగే. పడమటి జంట పూర్వాభాద్ర, తూర్పు జంట ఉత్తరాభాద్ర. ఉత్తరాభాద్రలో ఉత్తరం వైపున్న నక్షత్రం నుంచి ఈశాన్యంగా ఒక వరుస సాగుతుంది. ఆ వరుసలో రెండవది బాగా ప్రకాశవంతంగా, కాస్త ఎర్రగా ఉంటుంది. అక్కడ ఆగి ఉత్తరం వైపు తిరిగి, రెండు మసక నక్షత్రాలను దాటితే, రెండవదాని పక్కనే చిన్న మబ్బు తునకలా కనిపించేదే దేవయాని గెలాక్సీ.

దానిని నేరుగా గుచ్చి చూడవద్దు, కాస్త పక్కకు చూడండి. మసక వెలుగును పట్టే కణాలు కంటి రెటీనాలో నడుమ కంటే చుట్టూ ఎక్కువ. రంగు ఆశించవద్దు, బూడిద రంగు మరకగానే కనిపిస్తుంది. నిజానికి దాని వెడల్పు ఆకాశంలో చంద్రబింబానికి ఆరు రెట్లు, కంటికి అందేది నడిబొడ్డు మాత్రమే. బైనాక్యులర్స్ దొరికితే అది కోడిగుడ్డు ఆకారంలో సాగి ఉండడం తెలుస్తుంది.

ఈ మరక గెలాక్సీయేనని మనిషికి తెలిసి నిండా నూట పాతికేళ్లు కూడా కాలేదు. అది మన పాలపుంతలోని వాయు మేఘమేనని చాలామంది నమ్మేవారు. వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక రకం నక్షత్రాల్లో ఆ హెచ్చుతగ్గుల వ్యవధిని బట్టి అసలు ప్రకాశాన్ని చెప్పవచ్చునని హెన్రియెటా లెవిట్ 1912 నాటికి కనుక్కొన్నారు. 1923 అక్టోబరులో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ కొండ మీద 100 అంగుళాల టెలిస్కోపుతో ఎడ్విన్ హబుల్ తీసిన ఒక గాజు ఫలకం మీద, ఈ మరకలోనే, అలాంటి నక్షత్రం దొరికింది. ఆయన లెక్కలో దూరం తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. అసలు దూరం కంటే అది తక్కువే అయినా, ఆ మరక పాలపుంతకు బయటిదని తేల్చడానికి సరిపోయింది. అంతరిక్ష టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టింది ఇందుకే.

బయటికి వచ్చాక కళ్లు చీకటికి అలవాటు పడడానికి కనీసం ఇరవై నిమిషాలు ఇవ్వండి, ఆ లోపు ఫోను తెర వైపు చూడవద్దు. కనబడితే ఏ రోజున, ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి చూశారో తప్పక రాయండి.